పంటి చికిత్సకు మత్తు ఇచ్చే ముందు డాక్టర్ ఇన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతారు?

ఆరోగ్యశ్రీ, ఆర్‌బీఎస్‌కే లబ్ధిదారుల కోసం అవగాహన పాఠం

ఈ పాఠం ఎవరి కోసం?

బడికి, అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందం 18 ఏళ్ల లోపు పిల్లల పళ్లు కూడా చూస్తుంది. పిప్పిపళ్లు ఎక్కువగా ఉంటే డైక్ అని పిలిచే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికో, పెద్దాసుపత్రికో రాసి పంపుతుంది. పెద్దవాళ్లు దవడ ఎముక విరిగి ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్ ఆసుపత్రికి, కష్టమైన పన్ను తీయించుకోవడానికి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల లాంటి చోట్లకు వెళ్తుంటారు. అక్కడ డాక్టర్ "కొంచెం మత్తు ఇచ్చి చేద్దాం" అన్నారంటే, మత్తుకు ముందు మీకు ఒక పరీక్ష ఉంటుంది.

ఆ పరీక్షలో సగం పని మిషన్లు చేస్తాయి. మిగతా సగం మీరు చెప్పే మాటల మీదే నడుస్తుంది. "పొద్దున ఏమైనా తిన్నారా? జలుబు ఉందా? మందు తాగుతారా?" అని అడిగితే చాలామంది నిజం చెప్పరు. చెబితే వెనక్కి పంపుతారేమోనని భయం. కూలి మానుకుని, రెండు బస్సులు మారి వచ్చినవాళ్లకు ఆ భయం ఉండడంలో తప్పులేదు. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. నిజం చెబితే మహా అయితే ఒక రోజు పోతుంది. దాస్తే ప్రాణం మీదికి రావచ్చు.

మత్తు అంటే ఏమిటి? ఎన్ని రకాలు?

1. తిమ్మిరి సూది: పన్ను చుట్టూ మాత్రమే మొద్దుబారుతుంది. మీరు పూర్తి మెలకువలో ఉంటారు. మామూలుగా పన్ను తీయడానికి ఇదే చాలు.

2. సగం మత్తు: దీన్నే సెడేషన్ అంటారు. ముక్కు మీద చిన్న మాస్కు పెట్టి నైట్రస్ ఆక్సైడ్ అనే గ్యాస్‌ను ఆక్సిజన్‌తో కలిపి ఇస్తారు. లేదా మిడజోలం లాంటి మందును సిరప్‌గానో, నరానికో ఇస్తారు. భయం తగ్గి మగతగా ఉంటుంది. పిలిస్తే పలుకుతారు. ఊపిరి మీరే తీసుకుంటారు.

3. పూర్తి మత్తు: ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టర్ ఇస్తారు. పిలిచినా పలకరు. ఊపిరి ఆడేలా గొట్టం పెట్టి మత్తు డాక్టరే చూసుకుంటారు.

వీటి మధ్య గోడలేమీ లేవు. ఒకే డోసు ఒకరిని మగతలో ఉంచితే, ఇంకొకరిని గాఢనిద్రలోకి దింపవచ్చు. నిద్ర గాఢమైతే నాలుక వెనక్కి జారి ఊపిరి దారికి అడ్డం పడుతుంది. పంటి చికిత్సలో ఇంకో చిక్కు ఉంది. డాక్టర్ పనిచేసే నోరే ఊపిరి దారి కూడా. నీళ్లు, రక్తం, దూది అన్నీ అక్కడే ఉంటాయి. అందుకే ఎవరికి ఏ మత్తు సరిపోతుంది, ఎక్కడ ఇవ్వాలి అన్నది ముందే తేల్చుకుంటారు.

డాక్టర్ ఏమేం అడుగుతారు? ఎందుకు?

జలుబు, దగ్గు, జ్వరం ఉన్నాయా?
గ్యాస్ మత్తు పనిచేయాలంటే ముక్కుతోనే గాలి పీల్చాలి. ముక్కు దిబ్బడ వేస్తే గ్యాస్ లోపలికి పోదు. అంతకంటే ముఖ్యం, జలుబు చేసిన పిల్లల ఊపిరి గొట్టాలు చిరాకుగా ఉంటాయి. మత్తులో ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు. జ్వరం, చిక్కటి చీమిడి, పిల్లికూతలు ఉంటే చికిత్సను రెండు వారాలో, ఇంకా ఎక్కువో వాయిదా వేస్తారు.

నిద్రలో గురక పెడతారా?
పిల్లల్లో గురకకు టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరగడం తరచుగా కనిపించే కారణం. పెద్దల్లో లావు, మెడ మందం కారణం కావచ్చు. మామూలు నిద్రలోనే ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్లకు మత్తులో ఇంకా ఇబ్బంది అవుతుంది. "అందరూ గురక పెడతారు కదా" అని వదిలేయకండి. మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారా? పక్కన పడుకునేవాళ్లను అడిగి వచ్చి చెప్పండి.

ఆయాసం, దమ్ము, గుండె జబ్బు ఉన్నాయా?
మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, రాత్రి రెండు దిండ్లు పెట్టుకుంటే తప్ప పడుకోలేకపోతున్నారా అని అడుగుతారు. ఇన్‌హేలర్ వాడేవాళ్లు దాన్ని వెంట తెచ్చుకోవాలి. ఆరోగ్యశ్రీ కింద గుండెలో రంధ్రానికి ఆపరేషన్ అయిన పిల్లలు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. "ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు బాగానే ఉన్నాడు" అనుకుని ఆ సంగతి చెప్పకుండా ఉండొద్దు. కొన్ని రకాల గుండె జబ్బులున్నవాళ్లకు, కృత్రిమ కవాటం వేసినవాళ్లకు పంటి పనికి ముందు యాంటీబయాటిక్ ఇవ్వాలి. లేదంటే నోట్లోని క్రిములు రక్తంలోకి చేరి గుండెకు పట్టే ప్రమాదం ఉంది. పాత డిశ్చార్జి కాగితం తప్పకుండా తీసుకెళ్లండి.

సికిల్‌సెల్ ఉందా?
ఏజెన్సీ ప్రాంతాల్లో ఇది ముఖ్యమైన ప్రశ్న. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ కింద రక్తపరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు ఉంటే చూపించండి. ఈ జబ్బు ఉన్నవాళ్లకు ఒంట్లో నీరు తగ్గినా, ఆక్సిజన్ తగ్గినా, చలి పెట్టినా విపరీతమైన నొప్పులు మొదలవుతాయి. ముందే తెలిస్తే ఎక్కువసేపు పరగడుపున కూర్చోబెట్టకుండా మొదటి కేసుగా తీసుకుంటారు.

మందు, కల్లు, గుట్కా అలవాటుందా?
ఇది మీ గుణం గురించి అడిగే ప్రశ్న కాదు. రోజూ తాగేవాళ్లకు మత్తుమందు లెక్క మారిపోతుంది. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం లాంటి నిద్రమందులు కలుపుతారని ఎక్సైజ్ కేసుల్లో చాలాసార్లు బయటపడింది. ఆసుపత్రిలో ఇచ్చే మిడజోలం కూడా ఆ జాతి మందే. కల్లు తాగి వచ్చి మత్తు తీసుకుంటే రెండూ కలిసి ఊపిరిని అణచివేయవచ్చు. రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేసి వచ్చినా వణుకు, ఫిట్స్ రావచ్చు. అందుకే మానేయాలా, ఎప్పటి నుంచి, ఎలా అన్నది డాక్టర్‌నే అడగండి. గుట్కా, వక్క నమిలేవాళ్లకు బుగ్గలు బిగుసుకుపోయి నోరు సరిగా తెరుచుకోదు. అలాంటివాళ్లకు అవసరమైనప్పుడు ఊపిరి గొట్టం పెట్టడం కష్టమవుతుంది.

కడుపుతో ఉన్నారా? నెల తప్పిందా?
మొదటి మూడు నెలల్లో నైట్రస్ ఆక్సైడ్ ఇవ్వరు. అనుమానం ఉన్నా చెప్పండి. అందరి ముందు చెప్పలేకపోతే సిస్టర్‌తో విడిగా మాట్లాడతానని అడగండి.

ఇంతకుముందు మీకు గానీ, రక్తసంబంధీకులకు గానీ మత్తు పడలేదా?
ఆపరేషన్ అయ్యాక ఎంతసేపటికీ తెలివి రాకపోవడం, గంటల తరబడి శ్వాస మిషన్ మీద ఉంచాల్సి రావడం, మత్తులో ఒళ్లు విపరీతంగా కాలిపోవడం లాంటివి జరిగితే చెప్పండి. పూర్తి మత్తులో వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందును కరిగించే ఎంజైమ్ కొందరికి పుట్టుకతోనే తక్కువ. ఈ లోపం వైశ్య కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తుందని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. ఇది ఎవరి తప్పూ కాదు. తెలిస్తే డాక్టర్ వేరే మందు వాడతారు, అంతే.

ఏ మందు పడదు?
పెన్సిలిన్‌కో, నొప్పి గోలీకో దద్దుర్లు, వాపు, ఆయాసం వచ్చి ఉంటే ఆ మందు పేరు చెప్పండి. పేరు తెలియకపోతే పాత చీటీ చూపించండి.

ఒంటి పరీక్షలో ఏమేం చూస్తారు?

బరువు: మత్తుమందు డోసు కిలోల లెక్కన ఇస్తారు, పిల్లలకు మరీ జాగ్రత్తగా. 14 కిలోల పాపను "20 ఉంటుందండీ" అని అంచనాగా చెబితే మందు దాదాపు సగం ఎక్కువ పడుతుంది. అందుకే ఆ రోజే కాటా మీద చూడమని అడగండి.

బీపీ, నాడి: పై అంకె 180 గానీ, కింది అంకె 110 గానీ దాటితే అత్యవసరం కాని పంటి చికిత్సను మామూలుగా ఆపేస్తారు. బీపీ అదుపులోకి వచ్చాక చేస్తారు.

ఆక్సిజన్: వేలికి క్లిప్పులా పెట్టే పల్స్ ఆక్సిమీటర్‌తో చూస్తారు. మత్తు దిగేదాకా అది వేలికే ఉంటుంది. గోళ్ల రంగు ఉంటే రీడింగ్ తప్పు రావచ్చు. ముందు రోజే తుడిచేసుకోండి. గోరింటాకు బాగా ముదురుగా ఉంటే సిస్టర్‌కు చూపించండి.

నోరు, మెడ: నిటారుగా కూర్చోబెట్టి, నోరు బాగా తెరిచి, నాలుక బయటికి చాపమంటారు. "ఆ" అని శబ్దం చేయకూడదు. గొంతు వెనక కొండనాలుక ఎంత కనిపిస్తుందో చూసి నాలుగు తరగతుల్లో ఒకటి రాసుకుంటారు. ఒకటో తరగతిలో అంతా స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగో తరగతిలో మెత్తని అంగిలి కూడా కనిపించదు, అంటే ఊపిరి దారి చూసుకోవడం కష్టం కావచ్చు. ప్రపంచమంతా వాడే ఈ పరీక్షకు మల్లంపాటి పరీక్ష అని పేరు. అమెరికాలోని బోస్టన్‌లో మత్తు డాక్టర్‌గా పనిచేసిన మన తెలుగువారు డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు 1985లో దీన్ని ప్రచురించారు. దీంతోపాటు మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడతాయా, మెడ వెనక్కి వంగుతుందా, ఊగే పళ్లు ఉన్నాయా, కట్టుడు పళ్లు ఉన్నాయా అని చూస్తారు. ఊగే పాలపన్ను మత్తులో ఊడి గొంతులోకి జారవచ్చు. అందుకే పిల్లల ఊగే పళ్ల గురించి ముందే చెప్పండి.

మీ కేసు షీటులో రాసే గ్రేడు

అన్నీ చూశాక డాక్టర్ ఏఎస్ఏ గ్రేడు రాస్తారు. అర్థం ఇదీ:

గ్రేడు 1: ఏ జబ్బూ లేని మనిషి.
గ్రేడు 2: అదుపులో ఉన్న బీపీ, షుగర్, తేలికపాటి దమ్ము లాంటివి.
గ్రేడు 3: రోజువారీ పనికి అడ్డం వచ్చేంత జబ్బు, లేదా అదుపులో లేని షుగర్, బీపీ.
గ్రేడు 4: ఎప్పుడూ ప్రాణానికి ముప్పుగా ఉండే జబ్బు.

గ్రేడు 1, 2 వాళ్లకు దంత విభాగంలోనే సగం మత్తు ఇచ్చే వీలుంటుంది. గ్రేడు 3 దాటితే మత్తు డాక్టర్, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి పంపుతారు. "ఇక్కడ కాదు, అక్కడికి వెళ్లండి" అంటే మిమ్మల్ని వదిలించుకుంటున్నారని అనుకోవద్దు. మీకు సరిపడే చోటికే పంపుతున్నారు.

పరగడుపు లెక్క

మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకే కడుపు ఖాళీగా ఉండాలి. డాక్టర్ వేరే చెప్పకపోతే సాధారణంగా పాటించే లెక్క:

మంచినీళ్లు: 2 గంటల ముందు వరకు.
తల్లిపాలు: 4 గంటల ముందు వరకు.
డబ్బాపాలు, ఆవుపాలు, గేదెపాలు, మజ్జిగ, పాలు పోసిన చాయ్: 6 గంటల ముందు వరకు.
ఇడ్లీ, జావ, అంబలి, బిస్కెట్, పండు లాంటి తేలిక తిండి: 6 గంటల ముందు వరకు.
పూరీ, బజ్జీ, సర్వపిండి, మాంసం లాంటి నూనె, కొవ్వు తిండి: 8 గంటల ముందు వరకు.

జావ, అంబలి తాగేవే అయినా వాటిని తిండి కిందే లెక్కించాలి. గ్యాస్ మత్తు ఒక్కటే ఇచ్చేటప్పుడు కొన్నిచోట్ల తేలికగా తిని రమ్మంటారు. మీకు ఇచ్చిన కాగితంలో ఏది రాసి ఉంటే అదే పాటించండి.

పిల్లల విషయంలో ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. బిడ్డ ఆకలికి ఏడుస్తుంటే నాయనమ్మో అమ్మమ్మో జాలిపడి దారిలో బిస్కెట్ పెడతారు. అది ఎవరికీ చెప్పరు. అందుకే ఇంట్లో అందరికీ ముందు రాత్రే చెప్పి ఉంచండి. ఒకవేళ తినేస్తే ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు అన్నది డాక్టర్‌కు చెప్పండి. చాలాసార్లు కొన్ని గంటలు ఆగి అదే రోజు చేస్తారు.

రోజూ వేసుకునే గోలీలు ఏం చేయాలి?

సొంతంగా ఏదీ ఆపొద్దు. ఫిట్స్ గోలీలు, బీపీ గోలీలు చాలావరకు ఆ పొద్దున కూడా గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు. ఫిట్స్ గోలీ మానేస్తే కుర్చీలోనే ఫిట్స్ రావచ్చు. షుగర్ గోలీ, ఇన్సులిన్ సంగతి వేరు. తిండి లేకుండా మామూలు డోసు తీసుకుంటే షుగర్ పడిపోతుంది. ఎంత తగ్గించాలో ముందే రాయించుకోండి. రక్తం పల్చబడే గోలీలు, అంటే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి, గుండె డాక్టర్ చెప్పకుండా ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు, పక్షవాతం రావచ్చు. నిద్ర గోలీలు, నాటు మందులు, పసరు మందులు వాడుతున్నా చెప్పండి. పేర్లు గుర్తులేకపోతే గోలీల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.

వాయిదా వేస్తే ఏం చేయాలి?

వాయిదా అంటే చికిత్స రద్దయినట్టు కాదు. మూడు పనులు చేసి ఆసుపత్రి నుంచి కదలండి.

1. ఎందుకు వాయిదా వేశారో, మళ్లీ ఎప్పుడు రావాలో కాగితం మీద రాయించుకోండి.
2. ఆరోగ్యశ్రీ కేసు అయితే కౌంటర్‌లోని ఆరోగ్యమిత్రను కలవండి. మీ చికిత్స పథకంలో ఉందా, అనుమతి మళ్లీ తీసుకోవాలా అన్నది వాళ్లే చూసి చెబుతారు. అనుమతి వచ్చిన చికిత్సకు మీరు డబ్బు కట్టక్కర్లేదు. ఎవరైనా అడిగితే ఆరోగ్యమిత్రకు చెప్పండి, లేదా 104కు ఫోన్ చేయండి.
3. అప్పటిదాకా నొప్పికి, వాపుకు ఏం వాడాలో రాయించుకోండి. ముఖం వాపు కంటి దాకా లేదా మెడ దాకా పాకినా, మింగడం కష్టమైనా, జ్వరం వచ్చినా తేదీ కోసం ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

సంతకం పెట్టే ముందు మీరు అడగాల్సినవి

మత్తుకు ఒప్పుకుంటున్నట్టు మీ సంతకం తీసుకుంటారు. 18 ఏళ్ల లోపు పిల్లలకు అమ్మ, నాన్న, లేదా చట్టపరమైన సంరక్షకులు పెట్టాలి. పిల్లలను వేరే బంధువులతో పంపాల్సి వస్తే కుదురుతుందో లేదో ముందే అడగండి. కాగితం తెలుగులో చదివి వినిపించమనండి. ఈ నాలుగు ప్రశ్నలు అడగడం మీ హక్కు:

ఏ రకం మత్తు ఇస్తున్నారు?
మత్తు ఇచ్చేది ఎవరు? పన్ను పని జరుగుతున్నంతసేపూ నా ఊపిరి, నాడి చూస్తూ ఉండేది ఎవరు?
ఆక్సిజన్, అత్యవసర మందులు గదిలోనే ఉన్నాయా?
మత్తు లేకుండా చేసే దారి ఉందా?

మంచి డాక్టర్ ఈ ప్రశ్నలకు విసుక్కోరు.

ఇంటికి వెళ్లేటప్పుడు

వెంట పెద్ద మనిషి లేకుండా వస్తే సిరప్ మత్తు, నరం మత్తు ఇవ్వరు. ఆ మత్తు తీసుకున్నాక 24 గంటలు బండి నడపొద్దు. పొయ్యి దగ్గర, మిషన్ల దగ్గర పని చేయొద్దు. మందు తాగొద్దు. ఆస్తి కాగితాల మీద సంతకాలు పెట్టొద్దు. మగతగా ఉన్న పిల్లలను బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు. తల ముందుకు వాలిపోతే ఊపిరి దారి మూసుకుపోతుంది. ఆటోలోనో బస్సులోనో ఒకరు ఒళ్లో పెట్టుకుని, తల నిలిపి, ముఖం చూస్తూ కూర్చోవాలి. నోటి తిమ్మిరి రెండు మూడు గంటలు ఉంటుంది. ఆలోపు పిల్లలు పెదవి కొరుక్కోకుండా చూడండి.

లేపినా లేవకపోయినా, పెదవులు నీలంగా మారినా, ఊపిరి కష్టంగా తీసుకుంటున్నా, వాంతులు ఆగకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

వెంట తీసుకెళ్లాల్సినవి

రేషన్ కార్డు లేదా ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్.
ఆర్‌బీఎస్‌కే బృందం రాసిచ్చిన కాగితం.
పాత డిశ్చార్జి కాగితాలు, రక్తపరీక్షలు, సికిల్‌సెల్ కార్డు.
గోలీల అట్టలు, ఇన్‌హేలర్.
చివరిగా ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు అని రాసిన చిన్న చీటీ.

అర్థం కాని విషయం ఉంటే మీ ఊరి ఆశా కార్యకర్తను గానీ, ఏఎన్ఎంను గానీ అడగండి. మత్తు తేదీ దగ్గర పడినవాళ్లు మీకు తెలిసి ఉంటే ఈ పాఠం వాళ్ల ఫోనుకు పంపండి. చదవడం రానివాళ్లకు మీరే చదివి వినిపించండి.